మీకు తెలుసా? పెద్దకర్మ నాటికి ఇంకో మంచం

దసరా వెళ్ళిన మంగళవారం చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళ జనం విజయనగరం బయల్దేరతారు, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగేనాటికి విజయనగరం రాజులైన పూసపాటి వారి ఆడపడుచు పైడిమాంబ మశూచితో బాధపడుతోందనీ, అన్న విజయరామరాజును బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు చంపాడన్న కబురు విని ప్రాణం విడిచిందనీ, ఆమే ఈ అమ్మవారిగా వెలసిందనీ స్థల కథ. రాజుగారి ఆడపడుచు కాబట్టి ఆమె కథ నిలిచింది. ఆ కాలంలో అమ్మవారు పోసి వరసగా ముగ్గురు నలుగురిని పోగొట్టుకున్న కాపు ఇళ్ళ, కూలి ఇళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇంటి తర్వాత ఇల్లు ఎందుకు ఖాళీ అయ్యేది? మశూచి ఒంట్లో చేరాక పది పన్నెండు రోజులు ఏ జాడా ఉండదు. మనిషి పొలానికి వెళ్తాడు, చుట్టాలింటికి వెళ్తాడు. ఆ తర్వాతే జ్వరం, నడుంనొప్పి, పొక్కులు. రోగి ఊపిరి, పక్కబట్టలు రెండూ ప్రమాదమే. శవాన్ని సాగనంపిన రోజున అంటించుకున్నవాళ్ళు ఇంచుమించు పెద్దకర్మ నాటికి మంచం పట్టేవాళ్ళు. పట్టిన పదిమందిలో ముగ్గురు దక్కేవారు కాదు. బతికినవాళ్ళలో కొందరికి చూపు పోయేది. అయితే వాళ్ళకు మళ్ళీ ఆ రోగం వచ్చేది కాదు. అందుకే ముఖం మీద మచ్చలున్న మనిషే ధైర్యంగా సేవకు కూర్చోగలిగేది.

ఇంగ్లండ్ పల్లెల్లోనూ ఇవే చావులు. అక్కడి బర్క్లీ అనే ఊళ్ళో 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ పాలు పితికే అమ్మాయి చేతి పొక్కు రసిని ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఎక్కించాడు. అది ఆవులకు వచ్చే మశూచి, మనిషికి తేలికపాటిది, అసలు మశూచి రాకుండా కాపాడేది. ఆ టీకా 1802 జూన్‌లో బొంబాయి చేరి మూడేళ్ళ పాపకు పడింది. బొబ్బిలి యుద్ధానికి నలభై అయిదేళ్ళు ఆలస్యం!

నాకు అన్నిటికన్నా అబ్బురం కలిగించేది ఇంకొకటి. రోగం అంటిన మూడు నాలుగు రోజుల్లోపు టీకా పడినా చాలావరకు మనిషి గట్టెక్కుతాడు. ఇళ్ళను ముంచిన ఆ జాడలేని రోజులే ఇలా మనకు దక్కిన గడువయ్యాయి. 1970లలో ఆరోగ్య కార్యకర్తలు మశూచి పట్టిన బిడ్డ బొమ్మ చూపిస్తూ సంతల్లో, బడుల్లో, గడపగడపకూ తిరిగి వాకబు చేశారు. ఒక్క రోగి దొరికితే చుట్టూ ఉన్న ఇళ్ళన్నిటికీ టీకాలు వేశారు. మన దేశంలో చివరి కేసు 1975 మేలో నమోదైంది. 1980 నాటికి ప్రపంచంలో ఎక్కడా లేదు.