నాలా ముందు కంప్యూటర్‌లో పొంగాలి

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. గట్టి వాన కురిసిన ప్రతిసారీ వినిపించే డిమాండ్ ఒకటే: నాలాలు వెడల్పు చేయండి. న్యాయమైనదే. కానీ ఎక్కడ, ఎంత? కంటిచూపుతో తేలే సంగతి కాదది.

200 గజాల జాగా తీసుకోండి. గంటలో 60 మిల్లీమీటర్ల వాన కురిస్తే దానిమీద పడేవి దాదాపు 10 వేల లీటర్లు. మట్టి నేలైతే కొంత ఇంకేది. అంతా సిమెంటు చేశాక ఇంచుమించు మొత్తం రోడ్డు మీదికే వస్తుంది. అలాంటి వంద ఇళ్ల నుంచి 10 లక్షల లీటర్లు!

ఈ లెక్కను నగరమంతటికీ కట్టడానికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఎస్‌డబ్ల్యూఎంఎం లాంటి సాఫ్ట్‌వేర్లున్నాయి. ఊరిని చిన్న ముక్కలుగా విడదీసి, ఏ ముక్క నీళ్లు ఏ మ్యాన్‌హోల్‌కు, అక్కణ్నుంచి ఏ నాలాకు, ఏ చెరువుకు చేరతాయో కలుపుతారు. తర్వాత ఆ కంప్యూటర్ మోడల్ మీద వాన కురిపించి చూస్తారు. ఏ మ్యాన్‌హోల్ ఎన్నో నిమిషంలో పొంగుతుందో తెలుస్తుంది.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. పైకాలనీలో నాలా వెడల్పు చేస్తే అక్కడి నీళ్లు త్వరగా దిగి కిందికాలనీని ముంచవచ్చు. దిగువన మూసీయో చెరువో నిండుగా ఉంటే ఎంత పెద్ద నాలా అయినా వెనక్కి తన్నుతుంది. ఇవన్నీ కాంక్రీటు పోయకముందే కనబడతాయి. నాలా తవ్వడం కన్నా పైనున్న చెరువు పూడిక తీసి, అలుగు కాలువ తెరవడమే మేలని తేలినా తేలవచ్చు.

అయితే కొలతలు తప్పితే మోడల్ కూడా తప్పుతుంది. రికార్డులో 900 మిల్లీమీటర్ల పైపు ఉంటుంది. మూత తీస్తే సగం ఎత్తు దాకా పూడిక. సగం పూడితే సగం నీళ్లు పోతాయనుకుంటాం. రాపిడి పెరిగి, నిజానికి పోయేది మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. అందుకే మూతలు తీసి అడుగుమట్టాలు కొలిచే సర్వేకే మొదట డబ్బు పెట్టాలంటాను. వాన కొలతా అంతే: ప్రతి 4 చదరపు కిలోమీటర్లకు ఒక వర్షమాపకం ఉండాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే సూచించింది.

గోడమీద నీటి మరక ఎంతెత్తున ఉంది, నీళ్లు ఎన్ని గంటలకొచ్చాయి అన్నది కాలనీవాళ్లకే బాగా తెలుసు. మోడల్ చూపే ముంపు మ్యాపును వాళ్ల మాటతో సరిచూసి, దాన్ని టెండర్లు పిలవకముందే వార్డు ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలి.