మాత్రకన్నా మునగాకు మేలు

‘యాంటీ ఆక్సిడెంట్’ పేరుతో నేడు మందుల దుకాణాల్లో రకరకాల మాత్రలు లభిస్తున్నాయి. వాటిలో అనేకం కెరోటినాయిడ్లతో తయారైనవి. మన రామచంద్రపురం ఇళ్ళలోనూ కొందరు సోదరీమణులు వైద్యుని సంప్రదించకుండానే వీటిని వాడుతున్నారు. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు గనుక, వీటి మేలు కీడులు తెలుసుకోవడం అవసరం.

మొక్కలకు పసుపు, నారింజ, ఎరుపు రంగులనిచ్చే పదార్థాలే కెరోటినాయిడ్లు. కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను ఇవి అడ్డుకుంటాయి. వీటిలో బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ఏగా మార్చుకుంటుంది. కూరగాయలు, పండ్లు బాగా తినేవారిలో కొన్ని జబ్బులు తక్కువగా కనిపించడంతో, బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే చాలునని శాస్త్రజ్ఞులు ఆశించారు.

ఆ ఆశ నెరవేరలేదు. అమెరికాలో 39,876 మంది స్త్రీలపై జరిపిన అధ్యయన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. రోజు విడిచి రోజు 50 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారికి క్యాన్సర్, గుండెజబ్బుల విషయంలో మేలూ కలగలేదు, కీడూ కలగలేదు. పొగతాగేవారికైతే కీడే జరిగింది. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులపై జరిగిన పరిశోధనలో మాత్ర వాడినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చినట్లు 1994లో తేలింది. స్త్రీలు కూడా పాల్గొన్న మరో అమెరికా పరిశోధనను ఇటువంటి ఫలితం వల్లనే 1996లో గడువుకు ముందే నిలిపివేశారు.

మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచుకొని ‘అడ్డపొగ’ తాగే అలవాటు స్త్రీలలో ఎక్కువ. నోటిలో క్యాన్సర్‌కు దారితీసే మచ్చలున్న అటువంటివారికి, 1990వ దశకంలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు విటమిన్ ఏ, రైబోఫ్లావిన్, జింక్, సెలీనియం కలిపి ఏడాదిపాటు ఇచ్చి పరిశీలించారు. కణాలకు జరిగే హాని తగ్గింది. అయితే అది నిపుణుల పర్యవేక్షణలో ప్రత్యేకమైన స్థితికి ఇచ్చిన చికిత్స. ఆరోగ్యవంతులు మాత్రలు కొనుక్కోవడానికి ఆధారం కాదు. పైగా నోట్లో నిప్పు ఉండగా మందు ఎంతవరకు కాపాడగలదు?

మునగాకు, తోటకూర, గుమ్మడి, బొప్పాయి, మామిడిపండు మనకు అందుబాటులో ఉన్నవే. కెరోటినాయిడ్లు కొవ్వులో కరుగుతాయి గనుక ఆకుకూరను కొద్దిగా నూనె వేసి వండుకోవాలి. గర్భిణులు విటమిన్ ఏ మాత్రలను స్వయంగా వాడరాదు. మోతాదు మించితే కడుపులోని బిడ్డకు ప్రమాదం. వైద్యులిచ్చిన ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలను మాత్రం మానరాదు.

ఇంటిల్లిపాదికీ వడ్డించి, చివరకు మిగిలిన చారుతో సరిపెట్టుకునే తల్లులు మనలో ఎందరో! ఆమెకు మాత్రల సీసా కొనివ్వడంకన్నా, ఆమె పళ్ళెంలో కూర మిగిలేలా చూడడమే కుటుంబ పెద్దల బాధ్యత.