ఐఎస్ఎఫ్‌పీ వాళ్లు అంత తక్కువ ఎందుకు మాట్లాడతారు?

పర్సనాలిటీ టైప్స్‌లో ఈరోజు ఐఎస్ఎఫ్‌పీ గురించి మాట్లాడుకుందాం.

మీ ఫ్రెండ్స్ గ్యాంగ్‌లో ఒకరుంటారు చూడండి. వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్‌లన్నీ చదువుతారు, రిప్లై మాత్రం ఇవ్వరు. ట్రిప్ ప్లాన్ చేస్తుంటే "మీ ఇష్టం" అంటారు. తీరా వెళ్లొచ్చాక చూస్తే మంచి ఫోటోలన్నీ వాళ్ల ఫోన్‌లోనే ఉంటాయి. మీ బర్త్‌డేకి పెద్దగా ఏమీ చెప్పరు. చేత్తో గీసిన కార్డు ఒకటి ఇచ్చేసి వెళ్లిపోతారు. వాళ్లు ఈ టైప్‌కి దగ్గరగా ఉండొచ్చు.

ముందు ఈ నాలుగు అక్షరాలు ఎక్కడివో చూద్దాం. కార్ల్ యూంగ్ అనే స్విట్జర్లాండ్ సైకియాట్రిస్ట్ 1921లో మనుషుల టైప్స్ మీద ఒక పుస్తకం తెచ్చారు. ఆ ఆలోచనలు తీసుకుని అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆవిడ కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ ఒక టెస్ట్ తయారుచేశారు. అదే ఎంబీటీఐ. అందులో మొత్తం 16 టైప్స్.

ఐ అంటే ఇంట్రోవర్ట్. సిగ్గు వేరు, ఇది వేరు. నలుగురిలో ఎక్కువసేపు ఉంటే వీళ్ల బ్యాటరీ దిగిపోతుంది, ఒంటరిగా ఉంటే ఛార్జ్ అవుతుంది.

ఎస్ అంటే సెన్సింగ్. కంటికి కనిపించేది, చెవికి వినిపించేది, చేతికి తగిలేది ముందు పట్టించుకుంటారు.

ఎఫ్ అంటే ఫీలింగ్. నిర్ణయం తీసుకునేటప్పుడు లాభనష్టాల లెక్క కంటే "ఇది నా మనసుకి ఒప్పుతుందా?" అన్నదే వీళ్లకి ముఖ్యం.

పి అంటే పర్సీవింగ్. టైంటేబుల్ రాసుకుని దాని ప్రకారం నడవడం కష్టం. అప్పటికప్పుడు చూసుకుందాం అనుకునే రకం.

ఈ నాలుగూ కలిపి చూడండి. లోపల ఫీలింగ్ చాలా గట్టిగా ఉంటుంది, కానీ మాటగా బయటికి రాదు. కంటికీ చేతికీ పని ఇస్తే మాత్రం అక్కడ బయటికొస్తుంది. అందుకే ఈ టైప్‌ని ఆర్టిస్ట్ టైప్ అంటారు. ఆర్ట్ అంటే పెయింటింగ్ ఒక్కటే అనుకోకండి. సంక్రాంతి ముగ్గు, రీల్ ఎడిటింగ్, పాత బైక్‌ని కొత్తగా మార్చడం, ఇవన్నీ ఆర్టే.

బాపు గారు తెలుసు కదా. మద్రాసులో లా చదివారు, డిగ్రీ 1955లో వచ్చింది. కానీ జీవితమంతా బొమ్మలతో, సినిమాలతోనే గడిచింది. ఆయన మితభాషి. పక్కన మాటలన్నీ స్నేహితుడు ముళ్లపూడి వెంకటరమణ గారివే. బాపు గారి చేతిరాత ఈరోజు ఫాంట్ అయిపోయింది, పెళ్లికార్డుల మీద కూడా చూస్తుంటాం. ఆయన ఏ టైప్ అని మనం స్టాంప్ వేయకూడదు. కానీ మాట తక్కువైనంత మాత్రాన చెప్పేది తక్కువ కాదు అనడానికి అంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

సమస్య ఇంట్లో మొదలవుతుంది. "ఐదేళ్ల తర్వాత ఏం చేస్తావ్రా?" అని నాన్న అడుగుతారు. వీళ్లు తల దించుకుంటారు. నాన్నకి అది లెక్కలేనితనంలా కనిపిస్తుంది. నిజానికి లోపల బోలెడంత నడుస్తుంటుంది, అది మాటల్లోకి మారడానికి టైం పడుతుంది, అంతే. ఇంకోటి, వీళ్లు గీసింది బాలేదు అంటే "నువ్వే బాలేవు" అన్నట్టు వినిపిస్తుంది. గొడవ పడరు, మెల్లగా దూరం జరిగిపోతారు.

ఇలాంటి తమ్ముడో ఫ్రెండో మీకుంటే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకండి. కలిసి ఏదైనా పని చేస్తూ మాట్లాడండి, మాట దానంతట అదే వస్తుంది. తప్పు చెప్పాలంటే నలుగురిలో వద్దు. విడిగా, ఫలానా చోట ఇది మార్చు అని చెప్పండి.

మీరే ఐఎస్ఎఫ్‌పీ అయితే, మాట రాకపోతే పని చూపించండి. "నాకు డ్రాయింగ్ ఇష్టం" అంటే ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాదు. మంచివి 20 బొమ్మలు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ అనే ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, బీఎఫ్ఏ సీటు కోసం ఫాడీ అనే ఎంట్రన్స్ ఉంది. ఆ పరీక్ష తేదీ, ఫీజు, సిలబస్ ఒక పేపర్ మీద రాసి బొమ్మలతో పాటు నాన్న చేతిలో పెట్టండి. ఆయన అడిగిన ప్రశ్నకి అదే మీ జవాబు.

చివరిగా ఒక మాట. ఈ టెస్ట్‌ని జాతకంలా చూడకండి. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే అక్షరం మారిపోవడం మామూలే. ఎందుకంటే చాలామంది పూర్తిగా అటూ కాదు, ఇటూ కాదు, మధ్యలో ఉంటారు. రీసెర్చ్‌లో సైకాలజిస్టులు ఎక్కువగా వాడేది బిగ్ ఫైవ్ అనే వేరే పద్ధతి. ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచుకోవడానికి ఎంబీటీఐ వాడొద్దని దాన్ని అమ్మే కంపెనీయే చెబుతుంది. మరి మీ కోర్సు, మీ కెరీర్ దాన్ని బట్టి ఎలా తేల్చుకుంటారు?

అలాగే "నేను ఐఎస్ఎఫ్‌పీ కదా, అందుకే రిప్లై ఇవ్వను" అని తప్పించుకోకండి. అవతల ఎదురుచూసేది మీ అమ్మ అయితే, "తిన్నాను అమ్మా" అని రెండు ముక్కలు టైప్ చేయడానికి ఏ టైప్ అయినా ఒకటే.