అమ్మది బద్ధకం కాదర్రా, ఇనుము తక్కువ

రండర్రా, ఇలా కూర్చోండి. ఇవాళ ఇనుము గురించి చెప్పుకుందాం. గేట్లకీ రైలుపట్టాలకీ వాడే ఇనుము కాదు, మీ అమ్మ ఒంట్లో ఉండే ఇనుము. పెద్ద మనిషి ఒంట్లో మొత్తం కలిపినా మూడు నాలుగు గ్రాములకు మించి ఉండదు. ఆడవాళ్లకు ఇంకా తక్కువ. ఆ కాస్త ఇనుములో కొంచెం తరుగు పడితే చాలు, మేడ మెట్లెక్కేసరికి ఆయాసం వస్తుంది. బట్టలు ఆరేసి రాగానే మంచం మీద ఒరగాలనిపిస్తుంది. పిల్లాడు రెండోసారి నీళ్లడిగితే విసుగొస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏమంటారు? "ఈమధ్య దీనికి బద్ధకం ఎక్కువైంది" అంటారు. "ఊరికే కోపం తెచ్చుకుంటోంది" అంటారు. ఆ మాట అనేముందు ఒక్క రక్తపరీక్ష చేయించి ఉంటే బాగుండేదని నేను చాలా ఇళ్లలో అనుకున్నాను.

రక్తం ఎర్రగా ఎందుకుంటుందో మీ బళ్లో చెప్పే ఉంటారు. ఎర్రకణాల్లో హిమోగ్లోబిన్ ఉంటుంది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ఇనుప పరమాణువులు ఉంటాయి. మనం పీల్చిన గాలిలోని ఆక్సిజన్‌ను ఊపిరితిత్తుల్లో పట్టుకుని, కాళ్లూ చేతులూ మెదడూ ఎక్కడ అవసరమైతే అక్కడ వదిలేది ఈ ఇనుమే. రక్తంలో ఇనుముందని గట్టిగా చూపించినవాడు ఇటలీలోని బొలోన్యా ఊరి వైద్యుడు మెంఘీని. 18వ శతాబ్దంలో ఆయన రక్తాన్ని ఎండబెట్టి, కాల్చి బూడిద చేసి, దాని దగ్గరికి అయస్కాంతపు మొన తెచ్చాడు. రేణువులు వచ్చి మొనకు అతుక్కున్నాయి.

అంతకు రెండొందల ఏళ్ల ముందే యూరప్ వైద్యులు ఒక జబ్బు గురించి రాసి పెట్టారు. పదహారు, పదిహేడేళ్ల ఆడపిల్లలు పాలిపోయి, చర్మం ఒకలాంటి ఆకుపచ్చ ఛాయకు తిరిగి, నాలుగడుగులు వేస్తే రొప్పుతూ, తిండి సయించక నీరసించిపోయేవారు. 1554లో లాంగే అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించాడు. ఆయన చెప్పిన మందేమిటో తెలుసా? పెళ్లి చేసేయమన్నాడు! అది ప్రేమ బెంగ అనీ, కన్నెపిల్లలకొచ్చే మనోవ్యాధి అనీ ఆ తర్వాత కూడా చాలాకాలం నమ్మారు. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో సిడెన్‌హామ్ అనే వైద్యుడు ఇనుప రజను మందుగా ఇస్తే ఆ పిల్లల బుగ్గలకు రంగొచ్చింది. 1832లో బ్లో అనే ఫ్రెంచి వైద్యుడు ఐరన్ సల్ఫేటుతో మాత్రలు కట్టాడు. ఇప్పుడు పీహెచ్‌సీలో ఊరికే ఇచ్చే మాత్రలో ఉండేదీ ఆ సరుకే. మందు దొరికి ఇన్నేళ్లయినా, ఆడదాని నీరసాన్ని ఆమె స్వభావం కిందే జమకట్టే అలవాటు మాత్రం మనని వదల్లేదు. అది నన్ను బాధపెడుతుంది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒంట్లో ఇనుముకు ఒక గాదె ఉందనుకోండి. ఆ గాదె ఎక్కువభాగం కాలేయంలో ఉంటుంది. ఎర్రకణం నూట ఇరవై రోజులు బతికి చచ్చిపోతుంది. అందులోని ఇనుమును ఒళ్లు పారేయదు, తీసి మళ్లీ కొత్త కణాలకు వాడుకుంటుంది. అందుకే మగవాడికి రోజుకు ఒక మిల్లీగ్రాము ఇనుము లోపలికి ఇంకితే సరిపోతుంది. ఆడవాళ్ల సంగతి వేరు. నెలసరిలో మామూలుగా ముప్పై నలభై మిల్లీలీటర్ల రక్తం పోతుంది. రెండు మిల్లీలీటర్లకు ఒక మిల్లీగ్రాము చొప్పున, నెలనెలా పదిహేను ఇరవై మిల్లీగ్రాముల ఇనుము గాదెలోంచి బయటికి పోయినట్టే. ఎక్కువ పోయేవాళ్లకు ఇది రెట్టింపు. మనం తినే అన్నం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుములో పదో వంతు ఇంకడమే గొప్ప. అందుకే మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం మగవాడి తిండిలో రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుముంటే చాలు, ఆడవాళ్ల తిండిలో 29 ఉండాలి.

ఇక కడుపుతో ఉన్నప్పుడు చూడండి. తల్లి ఒంట్లో రక్తం నలభై యాభై శాతం పెరగాలి. లోపలి బిడ్డకూ, మాయకూ రక్తం కావాలి. కాన్పులో కొంత పోతుంది. అన్నీ కలిపి ఒక్క కాన్పుకు సుమారు ఒక గ్రాము ఇనుము పడుతుంది. ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితేనే రెండు మూడు గ్రాములు! ఏడాదిన్నర తిరక్కుండా మళ్లీ కడుపొస్తే గాదెలో ఏముంటుంది చెప్పండి? పైగా గాదె అడుగంటేదాకా పైకి ఏమీ కనపడదు. నిల్వలు తరిగిపోతున్నా హిమోగ్లోబిన్ కొన్నాళ్లు బాగానే చూపిస్తుంది. అది కూడా పడిపోయేసరికి మనిషి ఎన్నో నెలలుగా నీరసంలో ఉండి, తనది ఇంతే ఒళ్లు అనుకోవడానికి అలవాటు పడిపోయి ఉంటుంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పిందంటే, మన దేశంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ సగానికి మించే. అదే వయసు మగవాళ్లలో నూటికి 25. ఒకే ఇల్లు, ఒకే వంట. నెలసరి, కాన్పులు ఈ తేడాలో పెద్ద పాలే తీసుకుంటాయి గానీ, మిగతాది వడ్డన దగ్గరే ఉంది. మా చిన్నతనంలో అమ్మ అందరికీ పెట్టి, చివర గిన్నె అడుగున మిగిలిన పప్పూ ఇంత మజ్జిగా కలుపుకుని తినేది. కూర అయిపోతే పచ్చడి వేసుకునేది. అది త్యాగమని మేం మెచ్చుకున్నామే గానీ, రోజూ ఆమె వాటా ఇనుము మేమే తినేస్తున్నామని ఎవరూ చెప్పలేదు. ఇవాళ్టికీ ఎన్ని ఇళ్లలో గుడ్లు, మాంసం ముందు మగవాళ్ల కంచాల్లో పడుతున్నాయో మీకూ తెలుసు.

ఇంకో సంగతి, టీ. పొద్దున అయిదింటికి లేచి, పిల్లల క్యారేజీలు కట్టి, మధ్యలో రెండుసార్లు టీ తాగి, పదకొండింటికి ఆ చల్లారిన ఇడ్లీ తిని వెంటనే ఇంకో టీ తాగుతుంది మీ అమ్మ. టీ, కాఫీల్లోని టానిన్లు, అలాంటి పదార్థాలు తిండిలోని ఇనుమును పట్టేసి పేగులోకి ఇంకనివ్వవు. తిండికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. నిమ్మరసం, ఉసిరి, జామ దీనికి సరిగ్గా విరుగుడు. వాటిలోని విటమిన్ సి ఇనుమును బాగా ఇంకేలా చేస్తుంది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోవడం, అన్నం తిన్నాక ఒక జామకాయ తినడం ఖర్చులేని వైద్యం. ఇనుప మూకుట్లో చింతపండు పులుసు పెడితే పులుపుకు కాస్త ఇనుము కూరలోకి దిగుతుంది. మాంసం తినేవాళ్లకు కార్జం, మాంసం, చేపల్లోని ఇనుము శాకాల్లో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు బాగా ఇంకుతుంది. ఎర్రగా ఉన్నదల్లా రక్తం పట్టిస్తుందనుకుని బీట్‌రూట్, దానిమ్మ రసాలకు వందలు పోస్తున్నారు. అవి తినడం మంచిదే, కానీ వాటిలో ఇనుము చాలా తక్కువ. ఆ డబ్బుతో గుడ్లూ, సెనగలూ, ఆకుకూరలూ కొనండి.

ఐరన్ మాత్ర గురించి ఒక మంచి కథ ఉంది. ప్రభుత్వం గర్భిణులకిచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడ బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత ప్రాణాలు తీస్తోంది. వాళ్లేం తింటున్నారో, ఎలా బతుకుతున్నారో దగ్గరుండి చూసి, చివరికి ఈస్టుతో చేసే చవకరకం మార్మైట్ తినిపిస్తే కోలుకుంటున్నారని 1931లో ప్రకటించింది. అందులో ఉన్న పదార్థమేమిటో అప్పటికి తెలియదు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పని అమెరికాలో లెడర్లీ సంస్థలో సాగింది. ఆ పరిశోధనను నడిపించినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. ఎక్కడి బొంబాయి మిల్లు కూలీలు, ఎక్కడి అమెరికా లేబరేటరీ, ఎక్కడి భీమవరం! ఇవాళ ఆశా కార్యకర్త చేతిలో పెట్టే మాత్రలో ఇంతమంది శ్రమ ఉంది. అమ్మడూ, నీకు బళ్లో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రా ఆ కుటుంబానిదే. బెంచీ కింద పారేయకు తల్లీ.

మాత్రలు ఎందుకు మానేస్తారంటే, కడుపులో తిప్పుతుంది, మలబద్ధకం చేస్తుంది, విరేచనం నల్లగా వస్తుంది. నల్లగా రావడం జబ్బు కాదు, ఇంకకుండా మిగిలిన ఇనుము బయటికి పోవడమే. తిప్పుతుంటే రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకోవచ్చు. బొత్తిగా పడకపోతే డాక్టరు మార్చి ఇస్తారు, రోజు విడిచి రోజు వేసుకోమనొచ్చు, అవసరమైతే సెలైన్‌లో ఎక్కిస్తారు. కాల్షియం మాత్రను మాత్రం దీనితో కలిపి మింగకూడదు, రెండు గంటల ఎడం ఉండాలి. రెండూ ఒకేసారి గుటుక్కున మింగేసి పని అయిపోయిందనుకునే తల్లులు చాలామంది. ఐరన్ మాత్రలకు బిడ్డ నల్లగా పుడుతుందన్నది ఉత్త మాట, బిడ్డ రంగుకూ దానికీ సంబంధమే లేదు.

కడుపుతో ఉన్న పిల్ల బలపాలు తింటుంది, పచ్చిబియ్యం నములుతుంది, గోడసున్నం గీకి నోట్లో వేసుకుంటుంది, ఫ్రిజ్‌లో ఐస్ ముక్కలు కొరుకుతుంది. ఇవి వేవిళ్ల ముచ్చట్లని నవ్వుకుంటాం. ఇనుము తగ్గినవాళ్లలో ఇలాంటి కోరికలు తరచుగా కనిపిస్తాయి. ఐరన్ మొదలుపెడితే చాలామందికి అవి వాటంతటవే పోతాయి. రాత్రి పడుకోగానే కాళ్లు పీకుతున్నాయి, కదిలిస్తే తప్ప నిద్ర పట్టదు అంటే అది కూడా ఇనుము తక్కువ కావడం వల్ల కావచ్చు. మెదడులో మనసును హుషారుగా ఉంచే రసాయనాలు తయారు కావడానికీ ఇనుము కావాలి. అందుకే విసుగు, మతిమరుపు, ఏ పని మీదా ధ్యాస నిలవకపోవడం. బాలింతకు ఇది మరీ ముఖ్యం. రాత్రుళ్లు నిద్ర లేదు, రక్తం పోయి ఉంది, ఊరికే ఏడుపొస్తోంది. పథ్యమని కారప్పొడి అన్నం పెట్టి, ఆకుకూరా పప్పూ గుడ్డూ మాన్పించడం ఆ సమయంలో చేసే పెద్ద అపచారం. కాన్పు తర్వాత కూడా ఆరు నెలలు మాత్రలు వాడాలి. ఏడుపు, బెంగ రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించి తీరాలి.

బిడ్డ పుట్టగానే బొడ్డు వెంటనే కోసేయకుండా కనీసం ఒక నిమిషం ఆగితే మాయలోని రక్తం కొంత బిడ్డలోకి వెళ్తుంది. ఆ ఇనుము బిడ్డకు తొలి ఆరు నెలలకు ఆధారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట ఇది. కాన్పుకు ముందే డాక్టరమ్మను అడిగి ఉంచండి.

అన్ని రక్తహీనతలూ తిండిలో ఇనుము తక్కువై వచ్చేవే కావు, అదీ చెప్పాలి. కొంకిపురుగులు పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తాయి. చెప్పుల్లేకుండా పొలంలో, మట్టిలో తిరిగేవాళ్ల పాదాల నుంచి అవి లోపలికి పోతాయి, కాబట్టి నులిపురుగుల మందు కూడా వేయాలి. శాకాహారులకు బి12 తగ్గొచ్చు. కొందరికి తలసీమియా పుట్టుకతోనే ఉంటుంది, వాళ్లు పరీక్ష లేకుండా ఏళ్లతరబడి ఐరన్ మింగకూడదు. నెలసరిలో గంటగంటకూ ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, గడ్డలు పడుతున్నా "నలభై దాటితే అందరికీ ఇంతే" అని సరిపెట్టుకోకండి. గర్భసంచిలో గడ్డలుండొచ్చు, థైరాయిడ్ ఉండొచ్చు, వాటికి వైద్యం ఉంది.

అందుకని నాయనా, ఈ వారం మీ అమ్మనీ, నీ భార్యనీ, పెళ్లీడు చెల్లెల్నీ తీసుకెళ్లి హిమోగ్లోబిన్ చూపించు. పీహెచ్‌సీలో డబ్బు కూడా అడగరు. ఆడవాళ్లకు 12 ఉండాలి, గర్భిణికి 11. గర్భిణికి 7 కంటే తగ్గితే అది ప్రమాదం, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. తక్కువ వస్తే మందు మొదలుపెట్టించి, రాత్రి ఆ మాత్ర నువ్వే తీసి నీళ్లతో చేతికివ్వు. అన్నానికి అందరితో పాటు ఆమెనూ కూర్చోబెట్టి, కూర ముందు ఆమె కంచంలో వడ్డించు. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒక పాయింటు దాకా పెరుగుతుంది. 12 వచ్చేసిందని అక్కడితో మాననివ్వకు. గాదె నిండడానికి ఆ తర్వాత ఇంకో మూడు నెలలు మాత్ర వాడాల్సిందే.