మూడ్రోజుల స్టాలు.. మూణ్నెల్ల పని
టవళ్ల ఊరికి ఎక్స్‌పో నేర్పుతున్న పాఠాలు

సోలాపూర్: సంక్రాంతి దగ్గరపడిందంటే సోలాపూర్‌లో జనమంతా హోం మైదానం బాట పడతారు. సిద్ధరామేశ్వరుడి జాతర అది. ఊళ్లో ఎవర్ని అడిగినా ‘గడ్డా’ అనే అంటారు. ఏడు నందిధ్వజాల ఊరేగింపు ముగిశాక కూడా రంగులరాట్నాలు, గాజుల కొట్లు, తినుబండారాల బండ్లు రోజుల తరబడి కదలవు. తూర్పు సోలాపూర్ పేటల్లోని తెలుగిళ్లలో పిల్లల్ని గడ్డాకు తీసుకెళ్లకుండా పండగ గడవదు. దుకాణం పరిచి సరుకు అమ్మడం ఈ ఊరికి ఎవరూ నేర్పక్కర్లేదు.

అదే ఊళ్లో ‘ఎక్స్‌పోలో స్టాలు పెడదాం’ అంటే మాత్రం చిన్న కార్ఖానాదారు వెనకాడతాడు. గడ్డాకు ఒక టవల్ కొనేవాడు వస్తాడు. ఎక్స్‌పోకు అయిదువేల టవళ్లు అడిగేవాడు వస్తాడు. ఒకడికి రేటు చెబితే చాలు. రెండోవాడికి మాట ఇవ్వాలి, ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. చిక్కంతా అక్కడే.

నిజాం కాలంలో కరీంనగర్, వరంగల్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి బతుకుదెరువుకొచ్చిన పద్మశాలీలు ఈ ఊరి నేత పనికి వెన్నెముక అయ్యారు. చేతిమగ్గం పోయి సాంచాలొచ్చాయి. పెద్ద మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. అయినా కార్ఖానాల్లో చాదర్లు, టవళ్ల నేత ఆగలేదు. సోలాపూర్ చాదరుకు, సోలాపూర్ టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దేశంలో ఆ గుర్తింపు మొదట్లోనే దక్కిన సరుకుల్లో ఈ రెండూ ఉన్నాయి. కానీ గుర్తింపు కాగితం కొనుగోలుదారుణ్ని గుమ్మం దాకా తీసుకురాదు. వేరే చోట నేసిన చాదరుకు సోలాపురీ పేరు తగిలించి అమ్ముతున్నారన్న గోడు ఇక్కడ ఏ నేతగాణ్ని కదిపినా వినిపిస్తుంది.

అందుకే 2019 సెప్టెంబరులో ‘వైబ్రెంట్ టెర్రీ టవల్ ఎక్స్‌పో’ను ముంబైలోనో ఢిల్లీలోనో కాకుండా సోలాపూర్‌లోనే పెట్టారు. మూడు రోజుల పండగ అది. సొంతూళ్లో పెడితే లాభం ఒకటుంది. కొనేవాడు స్టాలు చూసి ఊరుకోడు, ‘మగ్గాలు చూపించు’ అంటాడు. ఆటో ఎక్కించి కార్ఖానాకు తీసుకుపోవచ్చు. నష్టమూ ఉంది. కొనేవాణ్ని ఇంతదూరం రప్పించాలి. అప్పటికి సోలాపూర్‌కు విమానం లేదు. ముంబై-చెన్నై లైనులో రైలు దిగాల్సిందే, లేదంటే పుణె నుంచో హైదరాబాద్ నుంచో కారులో గంటల ప్రయాణం. విమానాశ్రయానికి అడ్డొస్తోందని 2023 జూన్‌లో చక్కెర కర్మాగారం పొగగొట్టాన్ని కూల్చిన సంగతి ఊరంతా చూసిందే. 2025లో గానీ విమానాలు మళ్లీ మొదలవలేదు.

రెడీమేడ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. స్కూలు యూనిఫాంల ప్రదర్శనను 2017లో సోలాపూర్‌లోనే మొదలెట్టి, 2019లో ముంబైకి, 2020లో బెంగళూరుకు మోసుకెళ్లారు. ఆ రెండు చోట్లా పెట్టింది జనవరిలోనే. బడులు తెరిచేది జూన్‌లో. గుడ్డ కొనాలి, కత్తిరించాలి, కుట్టాలి, సైజులవారీగా మూటలు కట్టాలి. మార్చి దాటాక వచ్చిన ఆర్డరు కళ్లకద్దుకోవడానికి బాగుంటుంది, కుట్టడానికి చేతులు చాలవు. ప్రదర్శన తేదీని హాలు ఖాళీని బట్టి కాదు, కొనేవాడి క్యాలెండరును బట్టి పెట్టాలన్నది వీళ్లు ముందే పట్టుకున్న కిటుకు.

తొమ్మిది చదరపు మీటర్లలో..

మామూలు స్టాలంటే మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. మూడు వైపులా తెల్ల పలకల గోడ, పైన పేరు పట్టీ, ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు లైట్లు, ఒక ప్లగ్ పాయింటు. ఇంతే ఇస్తారు. కొత్తగా వచ్చేవాళ్లు చేసే మొదటి తప్పు కార్ఖానాలో ఉన్న రకాలన్నీ అందులో కుక్కేయడం. గడ్డాలో కుప్ప పోస్తే జనం మూగుతారు. ఇక్కడ కుప్ప చూస్తే కొనేవాడు పక్క స్టాలుకు జరుగుతాడు. పదీ పన్నెండు రకాలు చాలు. వాటి వెనక కాగితం మాత్రం గట్టిగా ఉండాలి.

ఏం కాగితం? టవల్ కొలత, నూలు కౌంటు, జీఎస్సెమ్, పెట్టెకెన్ని, రేటు. జీఎస్సెమ్ అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ముప్ఫై అంగుళాలకు అరవై టవల్ నాలుగొందల జీఎస్సెమ్‌దైతే సుమారు 465 గ్రాములుండాలి. హోటళ్లకు కొనేవాళ్లలో కొందరు జేబులో చిన్న తూనిక పెట్టుకునే తిరుగుతారు. అట్ట మీద నాలుగొందలని రాసి టవల్ 420 గ్రాములే తూగితే బేరం అక్కడే ఆగిపోతుంది. తప్పు ఒక కార్ఖానాది, చెడ్డ పేరు ‘సోలాపూర్ మాల్’ మొత్తానిది.

ఇంకో చిన్న సంగతుంది, చాలామంది పట్టించుకోరు. కొత్త టవల్‌కు మెత్తదనం కోసం పట్టించే మందు వల్ల మొదట్లో అది నీళ్లు సరిగా పీల్చదు. అందుకే నాలుగైదుసార్లు ఉతికిన టవల్ ఒకటి బల్ల మీద పెట్టుకోవాలి. రంగు నిలిచిందా, అంచు ముడుచుకుందా, పోగు లేచిందా.. అన్నీ అదే చెబుతుంది. కొత్తది చూపించడానికి, ఉతికింది నమ్మించడానికి.

ఈ సరంజామా అంతా ముందురోజు రాత్రి జరిగేది కాదు. శాంపిళ్లు నేయించి, ఉతికించి, తూయించి, లేబుళ్లు కొట్టించేసరికి రెండు మూడు నెలలు ఇట్టే కరిగిపోతాయి. ఇంట్లో ఆడవాళ్లే టవళ్లు మడిచి, అంచులు చూసి, కట్టలు కడతారు. స్టాల్లో మాత్రం వాళ్లు కనపడరు. సరుకులో ఏ లోపముందో ముందుగా పట్టేది వాళ్లే అయినప్పుడు బల్ల దగ్గర ఒక కుర్చీ వాళ్లకెందుకు ఉండకూడదు? చిన్న పరిశ్రమలకు స్టాలు అద్దెలో కొంత భాగం తిరిగిచ్చే కేంద్ర పథకంలో మహిళల పేరిట ఉన్న యూనిట్లకు ఎక్కువ సాయం దక్కుతుంది కూడా.

ఒప్పుకున్నాక అసలు కథ

ఎనిమిది సాంచాలున్న కార్ఖానాదారు స్టాల్లో కూర్చున్నాడనుకోండి. బెంగళూరు హోటళ్లకు సరుకు వేసే వ్యాపారి వచ్చి, ఒకే రంగులో ఇరవైవేల టవళ్లు, నలభై అయిదు రోజుల్లో కావాలన్నాడు. ‘కాదు’ అనడానికి నోరు రాదు. ‘చూద్దాం సేఠ్’ అంటాడు. ఇంటికొచ్చి లెక్కేస్తే తన మగ్గాల మీద సగం కూడా కాదు. మిగతాది పక్క కార్ఖానాల్లో నేయిస్తాడు. నూలు వేరు, అద్దకం వేరు. పెట్టె విప్పితే తెలుపులోనే మూడు తెలుపులు! సరుకు తిరిగొస్తుంది.

దీనికి మందు ఎక్స్‌పోలో లేదు, అంతకుముందే ఉంది. నలుగురైదుగురు కార్ఖానాదార్లు కలిసి ఒకే నూలు కొని, ఒకేచోట అద్దకం వేయించి, ఒకే స్టాలు తీసుకుంటే ఇరవైవేలు పెద్ద లెక్క కాదు. కానీ పక్కవాడికి తన గిరాకీ ఎక్కడ తెలిసిపోతుందోనన్న భయం. ఒకే పేటలో, ఒకే కులంలో, వరసలు కలుపుకుని తిరిగే మనుషుల మధ్య కూడా ఈ గోడ గట్టిదే. స్టాళ్ల మధ్య పలకలు మూడోరోజు సాయంత్రం ఊడదీస్తారు, ఇది ఊడదు.

డబ్బు సంగతి ఇంకోటి. ఉద్దెర అలవాటున్న వ్యాపారమిది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారుకు సరుకు తీసుకున్నవాడు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. గడువు దాటి బాకీ పెడితే ఆ ఏడాది ఆ ఖర్చును ఆదాయ పన్ను లెక్కల్లో చూపుకోవడానికి వీల్లేదన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి తోడైంది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేసుకుంటే అడగడానికి బలం ఉంటుంది. స్టాలు దగ్గర కార్డు ఇచ్చినవాడి జీఎస్టీ నంబరును ఫోన్లోనే చూసుకోవచ్చు. రెండు నిమిషాల పని.

గుడ్డ స్టాళ్లవాళ్లు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి. 2019 జనవరి 30 రాత్రి హైదరాబాద్ నుమాయిష్‌లో మంటలు లేచి వరసలకు వరసలు స్టాళ్లు బూడిదయ్యాయి. 1938 నుంచి నడుస్తున్న ప్రదర్శన అది. ఒక్క ప్లగ్ పాయింటుకు నాలుగు వైర్లు తగిలించి, కింద అట్టపెట్టెలు దోపే అలవాటు ఎక్కడున్నా ప్రమాదమే. దారిలో పెట్టెలు పేర్చకూడదు. ఆ మూడు రోజులకైనా సరుకుకు బీమా చేయించుకోవాలి.

చివరి రోజు సాయంత్రం అయిదింటికే మూటలు కట్టే హడావుడి మొదలవుతుంది. తిరుగు రైలుంటుంది మరి. దూరం నుంచి వచ్చిన కొనుగోలుదారు మొదటి రెండ్రోజులూ రేట్లు కనుక్కుని, నిర్ణయం చెప్పడానికి ఆ సాయంత్రమే మళ్లీ రావచ్చు. అప్పటికి బల్ల ఖాళీగా ఉంటే పక్క స్టాలుకు పోతాడు. వచ్చిన కార్డుల వెనక ఎవరు ఏ టవల్ పట్టుకుని చూశారో, ఏ రేటు చెప్పారో అప్పటికప్పుడే రాసుకున్నవాళ్లు ఊరు చేరిన వారంలో ఫోను చేయగలుగుతారు. మిగతా వాళ్ల కార్డులు రబ్బరు బ్యాండు చుట్టుకుని, వచ్చే ఎక్స్‌పో దాకా బీరువాలోనే ఉంటాయి.