పోచంపల్లి రాక్షసబల్లికి తల ఏది?

దక్షిణ బస్తరు అడవుల్లో, తెలంగాణ సరిహద్దుకు చేరువగా, తర్రెం అనే చిన్న గ్రామం ఉన్నది. ఆ అరణ్యసీమలో అనాదిగా నివసిస్తున్న గోండుల పేరు ఒక మహాఖండానికే దక్కిందన్న సంగతి చాలామంది ఎరుగరు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఇండియా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే నేలగా కలిసి ఉన్న కాలపు ఆ భూఖండాన్ని శాస్త్రజ్ఞులు గోండ్వానా అన్నారు.

అందుకు సాక్ష్యం పలికిన వాటిలో ఒక ఆకు ముఖ్యమైనది. నాలుకను పోలిన గ్లోసోప్టెరిస్ ఆకు ముద్రలు సింగరేణి బొగ్గు పొరల సరసన కనిపిస్తాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం, నడవలేని స్థితిలో కూడా పారవేయక ఈడ్చుకొచ్చిన సుమారు 16 కిలోల రాళ్లలోనూ ఆ ఆకు ముద్రలే ఉన్నాయి. మహాసముద్రాలు దాటి గాలికి ఎగిరిపోగల విత్తనాలు కావు ఆ చెట్టువి. నేలలే ఒకప్పుడు కలిసి ఉండాలి.

బస్తరు పునాది రాళ్లు అంతకంటే ఎంతో ప్రాచీనం. వాటిలో కొన్నింటి వయస్సు దాదాపు 350 కోట్ల సంవత్సరాలు. జిర్కాన్ అనే స్ఫటికంలో చిక్కుకున్న యురేనియం క్రమంగా సీసంగా మారుతుంది. అందులో ప్రధాన రకం సగానికి తరగడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఈ రెండింటి పాళ్లను కొలిచి శిల వయస్సు లెక్కగడతారు. అయితే ఈ పునాది రాళ్లలో ఎముకల కోసం వెదకడం వ్యర్థం. ఎముకలున్న ప్రాణి పుట్టడానికి అప్పటికింకా మూడు వందల కోట్ల ఏళ్లు ఉన్నది.

ఎముకల కథకు పడమరగా ప్రాణహిత, గోదావరి లోయకు రావాలి. అక్కడ నేల పగిలి కుంగగా ఏర్పడిన పల్లంలో నదులు యుగాల తరబడి ఇసుకా బురదా పేర్చాయి. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. ఆ క్రమంలో మధ్య మెట్టు, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి గ్రామం పేరిట పిలిచే ఎర్రమట్టి. అందులో మొసలిని పోలిన రెండు పారాసూకస్ అస్థిపంజరాలు దొరికాయి. వాటి కడుపు భాగంలో మరో చిన్న సరీసృపం ఎముకలు! ఇరవై కోట్ల ఏళ్లకు పూర్వం జరిగిన భోజనం అరగకుండానే శిలగా మారింది. ఆ ఆహారానికి 1980లో మలేరీసారస్ అని నామకరణం జరిగింది.

దానికి పైనున్న కోట పొరల్లో అసలు అద్భుతం ఉన్నది. 1958లో సిరొంచ ప్రాంతపు పోచంపల్లి వద్ద (చీరల పోచంపల్లి వేరు) కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులకు మొదటి ఎముకలు కనిపించాయి. ఒక్క తొడ ఎముకే 1.7 మీటర్లు! 1960, 61లలో జరిగిన తవ్వకాలలో కనీసం ఆరు జంతువులకు చెందిన సుమారు 300 ఎముకలు వెలికివచ్చాయి. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరం. కనుక 1975లో ఆ శాకాహారికి బారాపాసారస్ టాగోరీ అని పేరుపెట్టారు. బెంగాలీలో బడా పా అంటే పెద్ద కాలు.

ఎముకల నడుమ మహావృక్షాల మొదళ్లు కూడా శిలలై ఉన్నాయి. వరద ఉప్పొంగి మందను, మానులను ఒకేచోటికి ఈడ్చి పూడ్చిందని శాస్త్రజ్ఞుల ఊహ. కాని ఆరింటిలో ఒక్కదానికీ తల లేదు. కొన్ని పళ్లు మాత్రమే మిగిలాయి. పుర్రె ఎముకలు పలుచన, అతుకులు బలహీనం. ప్రవాహానికి మొదట విడిపోయేది అదే.

కోట పొరల్లోనే, యామన్‌పల్లి వద్ద, మరో శాకాహారి ఎముకలు లభించాయి. కనీసం పన్నెండు జంతువులవి. పి. యాదగిరి 1988లో దానిని కోటాసారస్‌గా వర్ణించారు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం దానిదే. పిల్లలు అబ్బురంగా తలెత్తి చూసే ఆ తల మాత్రం ఊహించి అమర్చినది. యామన్‌పల్లిలోనూ పుర్రె దొరకలేదు. దొరికినవి రెండు పళ్లు.