ఇంజను కార్బురేటరులో చేరిన నీటిని తీయు విధము

మిరపతోటకు మందు కొట్టుచుండగానో, వాగునుండి నీరు తోడుచుండగానో చిన్న పెట్రోలు ఇంజను రెండు మూడు మారులు దగ్గినట్లై నిలిచిపోవుట మన సంఘ సభ్యులలో పెక్కుమందికి అనుభవమే. తాడు లాగినచో మరల అందుకొనును; కొంతసేపటికి మరల ఆగును. ప్లగ్గు చెడినదని కొందఱు క్రొత్త ప్లగ్గు కొనుచున్నారు. మఱికొందఱు ఇంజనును బండిపై వేసికొని ఖమ్మమునకు పోవుచున్నారు. దినము పోవును, కూలి పోవును, పురుగు మాత్రము తోటలోనే యుండును. ఇట్టి వానిలో పెక్కింటియందు దోషము ఇంజనుది కాదు. కార్బురేటరు గిన్నెలో చేరిన చెంచాడు నీటిది.

లీటరు నీరు కిలో తూగగా లీటరు పెట్రోలు ఇంచుమించు ముప్పాతిక కిలోయే తూగును. కావున టాంకిలో పడిన నీరు అడుగునకు దిగి, గొట్టము వెంట కార్బురేటరు క్రింది గిన్నెకు చేరును. ఆ గిన్నెనుండి పెట్రోలు జెట్టు అను మిక్కిలి సన్నని రంధ్రముగుండ పైకి పోవలెను. నీటిబొట్టు ఆ రంధ్రమున నిలిచినచో పెట్రోలు అందదు. నీరు లోనికి పోయినను మండదు.

ఈ నీరు ఎచ్చటనుండి వచ్చును? త్రాగునీటి సీసాలో పెట్రోలు తెచ్చుట మన అడవి పల్లెలలో మామూలు. సీసాలో మిగిలిన బొట్లే చాలును. వానకు బయట నిలిపిన డబ్బా మూతనుండియు దిగును. సగము ఖాళీయైన టాంకి లోపల చలికాలపు రాత్రులయందు చెమ్మ పట్టి బొట్లగును.

తీయు విధము కష్టము కాదు. ఇంజనును ఆపి చల్లారనిండు. దగ్గఱ బీడి, చుట్ట, దీపము ఉండరాదు. టాంకి క్రింది పెట్రోలు కుళాయిని కట్టివేయుడు. గిన్నె అడుగుననో ప్రక్కనో నున్న మరను స్పానరుతో మెల్లగా వదలించి, తెల్లని గాజు సీసాలోనికి పట్టుడు. మర క్రిందనుండు చిన్న వాషరు మట్టిలో పడిపోకుండ చూచుకొనుడు. అది పోయినచో పెట్రోలు కారుచునే యుండును. పిదప కుళాయి కొంచెము విప్పి, గొట్టములోని నీరును దిగనిచ్చి మరను బిగింపుడు. గొట్టమును నోటితో పీల్చరాదు. కొన్ని చిన్న స్ప్రేయర్లకు ఈ మర యుండదు; వానికి టాంకి వంచి పూర్తిగ పారబోసి క్రొత్త పెట్రోలు పోయవలెను. రెండు స్ట్రోకుల ఇంజనైనచో దానియందు నూనె కలుపుట మఱువరాదు.

ఇచ్చట మేము చేసిన తప్పు నొకటి చెప్పవలసియున్నది. ఒక మిరపతోటలో ఇట్లే పట్టిన సీసాను ఎండకు ఎత్తి చూచితిమి. పైన పెట్రోలు, క్రింద నీరు అను గీత ఎచ్చటను కానరాలేదు. నీరు లేదని చెప్పి, ఆ రైతును రెండు గంటలు తాడు లాగించితిమి. ఆయన అరచేయి బొబ్బలెక్కినది. తుదకు వాసన చూడగా, సీసాలోనిది యంతయు నీరే! గీత యుండుటకు రెండు ద్రవములు ఉండవలెను గదా. చిన్న విమానములు నడుపువారు ఎగురుటకు ముందు టాంకి అడుగునుండి కొంచెము పెట్రోలు గాజు గొట్టములోనికి తీసి చూతురు. వారికిని ఇదే హెచ్చరిక చెప్పుదురు. మన ఇంజను ఆగినచో గట్టున కూర్చుండవచ్చును. వారికి ఆ వీలు లేదు. కావున సందేహమైనచో వేఱొక సీసాలో కొంచెము నీరు పోసి, తీసినదానిని దానిపై పోయుడు. పెట్రోలైనచో పైన తేలును, నీరైనచో కలిసిపోవును.

ఇప్పటి పెట్రోలుతో మఱియొక చిక్కు కలదు. చెఱకు, మొక్కజొన్న, నూకలనుండి తీసిన ఇథనాలును అందు కలుపుచున్నారు. 2025 నాటికి మన దేశమున అది నూటికి 20 పాళ్లకు చేరినది. ఇథనాలు కొంత నీటిని తనయందు కలుపుకొనును గాన మొదట ఏమియు కానరాదు. హద్దు మీఱినచో నీరు ఇథనాలును వెంటబెట్టుకొని అడుగునకు దిగును. అట్లు విడిన పెట్రోలును పైది వంచి మరల వాడుట మంచిది కాదు. వాగులోగాని గట్టుపైగాని పారబోయరాదు. పనిలేని నెలలలో టాంకిని, గిన్నెను ఖాళీ చేసి యుంచుడు.

వరదలో మునిగిన ఇంజను సంగతి వేఱు. భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును వచ్చినది. అట్టి నీట మునిగిన ఇంజనుకు ముందుగా తాడు లాగరాదు. సిలిండరులోని నీరు అణగదు గాన లోపలి కడ్డీ వంగవచ్చును. మొదట ప్లగ్గు తీసి, స్విచ్చి ఆపియుంచి, తాడును మెల్లగా లాగి నీటిని వెడలనిండు. ఇంజను నూనె పాలు కలిసినట్లుండిన దానిని పూర్తిగ మార్పుడు. ఆ తరువాతనే టాంకి, గొట్టము, గిన్నె వరుసగా ఖాళీ చేసి, క్రొత్త పెట్రోలు పోసి తాడు పట్టుడు.